అనుచిత పదాలకు మూడు మార్కులు

నా కాలు విరిగి నేను తలకాయల వార్డులో పడ్డాను. ఎముకల వార్డులో మంచాలు ఖాళీ లేవు. "మీకు వార్డు కావాలా, మంచం కావాలా?" అని అడిగాడు స్ట్రెచర్ తోసేవాడు. మంచమే కావాలన్నాను. ఆ విధంగా, తలకి చీమ కుట్టినంత దెబ్బ కూడా లేని నేను తొమ్మిదో మంచం మీద కూర్చుని, మా పెద్దాసుపత్రిలో తెలివి కొలిచే మహోద్యమాన్ని కళ్ళారా చూశాను.

ఆ ఉద్యమం సంగతి ముందు చెప్పాలి. తలకి దెబ్బ తగిలినవాడు ఏ మాత్రం స్పృహలో ఉన్నాడో తెలుసుకోవడానికి డాక్టర్ల దగ్గర ఒక లెక్క ఉంది. కళ్ళు తెరుస్తున్నాడా, అడిగినదానికి జవాబు చెబుతున్నాడా, చెయ్యెత్తమంటే ఎత్తుతున్నాడా అని చూసి, కంటికి నాలుగు, మాటకి అయిదు, చేతికి ఆరు, మొత్తం పదిహేనుకి మార్కులు వేస్తారు. లోకమంతా వాడే లెక్కే. దాని మానాన అది ఇంగ్లీషులో ఉండి, ఎవరి జోలికీ పోకుండా నాలుగు ప్రాణాలు కాపాడుతూ ఉండేది. ఆ ఏడు తెలుగు వారోత్సవాల్లో దాన్ని తెలుగు చెయ్యాలని పైవాళ్ళలో ఎవరికో బుద్ధి పుట్టింది.

తెలుగు చెయ్యడానికి ఒక సంఘం వేశారు. సంఘంలో డాక్టర్లు లేరు. ఉంటే ఇంగ్లీషు మాట్లాడతారని భయం. స్పృహ అనేది సంస్కృతం కాబట్టి దాన్ని కొట్టేసి 'తెలివి' అని పెట్టారు. తెలివి తప్పాడు, తెలివి వచ్చింది అని మనం అనడం లేదా అన్నారు. నిజమే, అంటాం. 'రోగి తెలివి కొలత పట్టిక' అని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి ప్రతి మంచానికీ వేలాడదీశారు.

మర్నాటి నుంచే కొట్లాటలు మొదలయ్యాయి. "మా వాడు బీకాం ఫస్టు క్లాసండీ! వాడి తెలివి పదకొండా? ఆ పక్క మంచంవాడు టెన్త్ మూడుసార్లు తప్పాడు, వాడికి పధ్నాలుగు ఎట్టా వేశారు?" అని ఒక తండ్రి రీవాల్యుయేషన్‌కి దరఖాస్తు పెట్టాడు. కన్ను తెరవకపోయినా ఒకటి, మాట లేకపోయినా ఒకటి, చెయ్యి కదలకపోయినా ఒకటి వెయ్యాలని ఆ లెక్కలో ఉంది. అంటే చచ్చినవాడికి కూడా మూడు వస్తాయి. మా ఆసుపత్రిలో సున్నా తెలివి గలవారు ఒక్కరూ లేరని సూపరింటెండెంటు గారు పత్రికలవాళ్ళకి గర్వంగా చెప్పారు.

అసలు తిరకాసు మాట దగ్గర వచ్చింది. సరైన జవాబుకి అయిదు, తికమకకి నాలుగు. పేరేమిటంటే రైలు అన్నట్టు, పొంతన లేని మాటలు పలికితే మూడు. ఆ పొంతన లేని మాటలకి ఇంగ్లీషులో ఏదో ఉంటే, సంఘం వారు నిఘంటువు తీసి 'అనుచిత పదాలు' అని రాశారు. అనుచిత పదాలంటే ఏవండీ అని కింది ఆఫీసులు అడిగాయి. పై ఆఫీసు దీర్ఘంగా ఆలోచించి వివరణ పంపింది: "అనుచిత పదములు అనగా తిట్లు, శాపనార్థములు, మరియు అధికారుల యెడల ఏకవచన ప్రయోగము."

దీన్ని అమలు చెయ్యడానికి పరాంకుశం గారు వచ్చారు. హోదా 'తెలివి మాపన సమన్వయాధికారి'. అంతకుముందు తూనికలు కొలతల శాఖలో తక్కెళ్ళకీ రాళ్ళకీ ముద్రలు వేసేవారు. మంచి మనిషి, మర్యాదస్తుడు, రూలంటే ప్రాణం. తన ప్రాణమనే కాదు, ఎవరి ప్రాణమైనా సరే. పదిహేనుకి పదిహేను వచ్చినవాణ్ణి ఇంటికి పంపాలి. వేసిన మార్కుల్లోంచి రెండు తగ్గినవాణ్ణి తల లోపల చూసే స్కాన్‌కి పంపాలి. మూడో దారి లేదు. ఆ స్కాన్ గది తాళంచెవి ఆయన మొలకే వేలాడుతూ ఉండేది.

నాకు మొదటిరోజే పదిహేను వచ్చాయి.

"తొమ్మిదో మంచం గారూ, తమకి తెలివి సంపూర్ణంగా ఉంది. ఇంటికి దయచేయండి" అన్నారు.

"నా కాలు విరిగింది కదండీ" అన్నాను.

"పట్టికలో కాలు లేదండీ" అన్నారు.

దాంతో నేను రోజూ ఏ వారమని అడిగితే ముందురోజు పేరు చెప్పి, తికమక కింద ఒక మార్కు పోగొట్టుకుని మంచం నిలబెట్టుకున్నాను. మిగతా వార్డంతా మర్యాద నేర్చుకుంది. బుర్ర పగిలి నెత్తురోడుతూ వచ్చినవాడు కూడా, "అయ్యా, నొప్పి భరించలేకపోతున్నానండీ, తమరేమీ అనుకోకపోతే కాస్త అరుస్తానండీ" అనేవాడు.

అలాంటి వార్డులోకి ఒక బుధవారం మధ్యాహ్నం యలమందని తీసుకొచ్చారు.

యలమంద మిరపకాయల యార్డులో హమాలీల మేస్త్రి. యాభై దాటిన మనిషి. నెట్టు కట్టి ఎత్తుగా పేర్చిన బస్తాల్లోంచి ఒకటి జారి నెత్తిన పడింది. స్ట్రెచర్ మీద పడుకోకుండా బాసింపట్టు వేసుకుని కూర్చుని, పడిన బస్తాని, దాన్ని పేర్చినవాణ్ణి, స్ట్రెచర్‌ని, దాని చక్రాలని వరసగా తిడుతూ వచ్చాడు. వెనకాల అతని భార్య, అన్నం క్యారేజీ పట్టుకుని నడుస్తోంది.

పరాంకుశం గారు పెన్ను తీశారు. "తమ పేరు?"

"నా పేరు నీకెందుకురా? పిల్లనిస్తావా? ముందు నా తలకాయ చూడరా, నీ మొహం మండ!"

"అనుచితం" అని రాసుకున్నారు పరాంకుశం గారు. "తాము ఇప్పుడు ఎక్కడున్నారో చెప్పగలరా?"

"నీలాంటి ఎర్రి నాయాళ్ళని మేపే ధర్మాసుపత్రిలో ఉన్నా. ఇయ్యాల బుధవారం. యార్డులో తేజా కాయ రేటు కూడా చెప్పమంటావంట్రా, రాసుకుంటావు?"

"మరింత అనుచితం. దయచేసి కుడిచెయ్యి పైకెత్తండి."

యలమంద ఎత్తాడు. కొట్టడానికే ఎత్తాడు. కానీ ఎత్తడమంటే ఎత్తడమే కాబట్టి చేతికి ఆరుకి ఆరూ పడ్డాయి. కంటికి నాలుగు. మాటకి మూడు. మొత్తం పదమూడు.

డ్యూటీ డాక్టరు మెహరున్నీసా చిన్నపిల్ల. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఆమె పట్టిక చూసి నెత్తి కొట్టుకుంది.

"సార్, ఇతను వారం చెప్పాడు, చోటు చెప్పాడు. మాటకి అయిదు వెయ్యాలి. ఇవాళ బాగానే ఉంటాడు సార్. లోపల నెత్తురు మెల్లగా గడ్డకడితే రేపటికి మగతలోకి జారిపోతాడు. అప్పుడు వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే మనిషి దక్కడు. మార్కులు తగ్గితేనే కదా ఆ సంగతి మనకి తెలిసేది! ఇప్పుడే తగ్గించి వేస్తే ఇంక తగ్గడానికేముంటుంది?"

"డాక్టర్ గారూ, నన్ను రా అన్నారు. తెలివిలో ఉన్న మనిషి చేసే పనేనా అది? తమరే చెప్పండి" అన్నారు పరాంకుశం గారు. తరవాత భార్య వైపు తిరిగి, "రోగి సహాయకురాలి పేరు?" అని అడిగారు.

"పిచ్చమ్మండి."

ఆయన పెన్ను ఆగింది. సహాయకులకి కూడా మార్కులు వెయ్యాలేమోనని పట్టిక వెనక్కి తిప్పి చూసుకున్నారు.

పిచ్చమ్మకి మాత్రం దిగులేమీ లేదు. "తిడతన్నాడుగా, ఏం కాదులే డాక్టరమ్మా" అంది. "పెళ్ళైన కాణ్ణించి ఒసే అనకుండా నన్ను పిలిచింది లేదు. పొద్దున్నే నాలుగు తిట్లు పడకపోతే నాకు కాఫీ తాగినట్టుండదు."

ఆ సాయంత్రం యలమంద వార్డులో ఒక్కణ్ణీ వదలకుండా తిట్టాడు. నా కట్టు కాలు అతని మంచం వైపు ఉందని నన్నూ తిట్టాడు. నిజం చెప్పొద్దూ, వారం రోజులుగా చిత్తం చిత్తం అని విని విని ఉన్నానేమో, నాకు హాయిగా అనిపించింది.

తెల్లవారింది. పిచ్చమ్మ మొహం కడుక్కుని వచ్చి మొగుణ్ణి కదిపింది. అతను కళ్ళు సగం తెరిచాడు.

"అమ్మా, తమరెవరో గానీ, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారాండీ?" అన్నాడు.

పిచ్చమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. గోడకి ఆనుకుని ఒక్క క్షణం చూసింది. తరవాత వార్డు దద్దరిల్లేలా అరిచింది.

"డాక్టరమ్మోయ్! మా ఆయన నన్ను అమ్మా అన్నాడు! అండీ అన్నాడు! మనిషి పోతన్నాడు, రాండమ్మా!"

డాక్టరమ్మ కంటే ముందు పరాంకుశం గారు వచ్చారు.

"తాము ఎక్కడున్నారండీ?"

"తమరి దయవల్ల బాగున్నాను షావుకారు గారూ."

"ఇవాళ ఏ వారం?"

"తమరు ఏ వారమంటే ఆ వారమేనండీ."

పరాంకుశం గారి కళ్ళు చెమర్చాయి. అంత సర్వీసులో ఆయనకి అలాంటి జవాబు ఎవరూ చెప్పలేదు. మాటకి అయిదుకి అయిదు వేసేశారు.

"అయ్యా, అది ఆయన మాట కాదయ్యా" అంది పిచ్చమ్మ. "పసితనంలో షావుకారు కొట్లో పనికుండేవాడు. దెబ్బలకి బయపడి అప్పుడట్టా మాట్టాడేవాడంట. మేస్త్రీ అయినాక ఆ మాట మళ్ళీ నోట్లోకి రానీలా. ఆయన ఇక్కడ లేడయ్యా, ఆ కొట్లో ఉన్నాడు!"

"ఎక్కడున్నా మర్యాదగా ఉన్నారు కదమ్మా" అన్నారాయన.

డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, టార్చి వేసి కళ్ళు చూసి, పట్టిక అందుకుంది. పిలిస్తే గానీ కళ్ళు తెరవడం లేదు, అక్కడ ఒక మార్కు తగ్గింది. ఎత్తమంటే చెయ్యి ఎత్తడం లేదు, గిచ్చితే మాత్రం తోసేస్తున్నాడు, అక్కడ ఒకటి తగ్గింది. మాటకి రెండు పెరిగాయి. మొత్తం మళ్ళీ అదే పదమూడు.

"నిలకడగా ఉన్నారు" అన్నారు పరాంకుశం గారు.

"నిలకడేంటి సార్! మునిగిపోతున్నాడు. ఎడమ కంటిపాప పెద్దదైంది, చూడండి!"

"పట్టికలో పాప ఊసు లేదండీ. పాపలు పెద్దవాళ్ళైనా, చిన్నవాళ్ళైనా పిల్లల వార్డువారు చూసుకుంటారు."

"సార్, తాళంచెవి ఇవ్వండి. కింది అంతస్తే. ఒక్క స్కాన్."

"రెండు తగ్గాలండీ."

"అయితే మా ఆయన్ని మాకిచ్చెయ్యండి బాబూ, ఇంకో ఆసుపత్రికి తీసకపోతా" అంది పిచ్చమ్మ.

"పదిహేను రావాలమ్మా. తెలివి పూర్తిగా లేని మనిషిని బయటికి పంపడం నేరం" అని చెప్పి, ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఎంత మర్యాదగా చెప్పారంటే, ఆయన మెడ పట్టుకోవడానికి కూడా సందు దొరకలేదు.

డాక్టరమ్మ పిచ్చమ్మ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది. "ఒకటే మార్గం ఉంది. ఆయన ఒక్క తిట్టు తిట్టాలి. తిడితే మాట అయిదునుంచి మూడుకి పడుతుంది. రెండు తగ్గుతాయి. గది తెరుస్తారు."

ఆ మాట వార్డంతా పాకింది. పిచ్చమ్మ మొగుడి చెవి దగ్గర వంగింది. "ఇదిగో, నిన్నే! నీ మీద బస్తా పడేసినోణ్ణే మేస్త్రీని చేశారంట!"

"సంతోషమండీ" అన్నాడు యలమంద.

"నీ అంగీ కుక్కకి పక్కేశా!"

"మంచి పని చేశారండీ."

నేను కూడా నా మంచం మీదనుంచి శక్తికొద్దీ అరిచాను. "ఒరేయ్ యలమందా, మీ యార్డు మిరపకాయల్లో కారం లేదురా! అంతా ఇటుక పొడేరా!"

"చిత్తమండీ" అన్నాడు. ఆ తరవాత ఏమన్నా అదే మాట. నిన్న సాయంత్రం ఆ మాట అని ఉంటే నా రెండో కాలు కూడా విరిచేవాడు. పదిమందిమి ఒక మనిషి చేత ఒక బూతు పలికించలేక ఏడుపు మొహాలు వేసుకుని కూర్చున్నాం.

అదే రోజు రాష్ట్రస్థాయి తెలివి సంచాలకులు గారు తనిఖీకి వచ్చారు. మిరపకాయల యార్డు మేస్త్రి ఒక్క రాత్రిలో తిట్లు మానేసి అండీ అంటున్నాడన్న శుభవార్త సూపరింటెండెంటు గారు ఆయన చెవిన వేశారు. ఇంకేముంది, సన్మానం. మనవాళ్ళకి సంతోషం వచ్చినా, ఏం చెయ్యాలో తోచకపోయినా చేసేది అదే కదా. శాలువా వచ్చింది, దండ వచ్చింది, మైకు వచ్చింది. యలమందకి వెనకాల రెండు దిళ్ళు పెట్టి కూర్చోబెట్టారు.

"ఒక సామాన్య శ్రామికుని తెలివి ఏకరాత్రమున మూడు మార్కుల నుండి అయిదు మార్కులకు పురోగమించుట" అని మొదలుపెట్టారు సంచాలకులు గారు, "మన విధానము యొక్క సత్ఫలితములకు నిలువెత్తు నిదర్శనము. తిట్టువానిని దీవించువానిగా మార్చుటయే వైద్యము యొక్క పరమావధి!"

శాలువా కప్పారు. దండ వేశారు. యలమంద తల గుండె మీదికి వాలిపోయింది.

"వినయశీలి! తల దించుకున్నారు" అన్నారు సంచాలకులు గారు.

గొంతులోంచి గురక మొదలైంది. అది మామూలు గురక కాదని నాకే తెలుస్తోంది. డాక్టరమ్మ "సార్, సార్" అంటూ ముందుకి రాబోతే, సూపరింటెండెంటు గారు సైగ చేసి ఆపారు.

"ఈ శుభసమయమున వారు రెండు మాటలు మాట్లాడవలసినదిగా కోరుచున్నాను" అని సంచాలకులు గారు మైకు యలమంద నోటి దగ్గర పెట్టారు. గురక ఆసుపత్రంతా వినిపించింది.

పరాంకుశం గారు చెవిలో ఏదో చెప్పారు. సంచాలకులు గారు తల ఆడించారు. "నియమావళి ప్రకారము, రోగి మాట్లాడలేని యెడల సమీప బంధువు మాటనే రోగి మాటగా పరిగణించవలెను. వారి శ్రీమతి గారు మాట్లాడెదరు."

పిచ్చమ్మ మైకు అందుకుంది. మొగుడి కేసి చూసింది. పమిట నడుముకి దోపుకుంది.

"ఇది మా ఆయన మాటేనంటారుగా? రాసుకుంటారుగా?" అని పరాంకుశం గారిని అడిగింది.

"తప్పకుండా రాసుకుంటామమ్మా."

"అయితే రాసుకో. ఒరేయ్ శాలువా సచ్చినోడా!"

సంచాలకులు గారు వెనక్కి తిరిగి చూశారు. ఆయన వెనక ఎవరూ లేరు.

"నిన్నేరా! మనిషి పోతంటే మెళ్ళో దండేస్తారంట్రా? ఫోటోకెయ్యాల్సిన దండ, అప్పటిదాకా ఆగలేకపోయారంట్రా, మీ పాడె మొయ్య! ఏరా తక్కెడోడా, మనిషిని మిరపకాయల్లే తూస్తావంట్రా, నీ నోట్లో మన్నుబడ! మీ తెలివి తెల్లారా, మీ పట్టికకి తద్దినం పెట్టా! తిట్టేవాడికి తెలివి లేదంట, పడేవాళ్ళకి ఉందంట్రా?"

ఇవి అచ్చులో పడదగినవి. తరవాతివి రాయలేను. పదేళ్ళు యార్డులో బస్తాలు మోసినవాళ్ళు కూడా కొన్ని కొత్తగా విని ఉంటారు. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తిట్టు మాత్రం ఒక్కటీ తడబడలేదు. వార్డులో తలలకి కట్లున్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు.

"అనుచితం! అత్యంత అనుచితం! ఏకవచనం!" అని అరిచారు సంచాలకులు గారు.

"అవును సార్, అనుచితమే" అంది డాక్టరమ్మ. "ఆమె మాట రోగి మాటేనని మీరే సెలవిచ్చారు. మాటకి మూడు. పరాంకుశం గారూ, రాయండి."

పరాంకుశం గారు పట్టికని చూశారు, సంచాలకుల్ని చూశారు. చెమటలు పట్టాయి. కానీ నేను ముందే చెప్పాను, ఆయనకి రూలంటే ప్రాణం. అయిదు కొట్టేసి మూడు వేశారు. పదమూడు కొట్టేసి పదకొండు వేశారు.

"ఏం చేస్తున్నారయ్యా?" అన్నారు సంచాలకులు గారు.

"రెండు తగ్గాయండీ. స్కాన్‌కి పంపాలండీ" అని మొలనుంచి తాళంచెవి తీసి, స్ట్రెచర్ రెండో కొస తనే పట్టుకున్నారు. దండ తియ్యడానికి కూడా ఎవరూ ఆగలేదు.

లోపల నెత్తురు గడ్డ ఉంది. వెంటనే తల తెరిచి తీసేశారు. ఇంకో గంట ఆలస్యమైతే దండ పనికొచ్చేదేనని డాక్టరమ్మ తరవాత నాతో చెప్పింది. పిచ్చమ్మ ఆపరేషన్ గది బయట నేల మీద, పమిట నోట్లో కుక్కుకుని కూర్చుంది. అన్ని మాటలు తన నోటివెంట వచ్చినందుకు సిగ్గుపడుతోందట.

తలంతా కట్టుతో యలమంద మళ్ళీ మా వార్డుకి వచ్చాడు. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. పిచ్చమ్మ మంచం దిగువ కూర్చుని అతని నోటి కేసే చూస్తూ ఉంది. మూడో పొద్దున కళ్ళు తెరిచి, పైకప్పు చూసి, మమ్మల్ని చూసి, భార్య దగ్గర ఆగాడు.

"ఒసే పిచ్చీ! ఎక్కడ సచ్చావే? నా నెత్తికి ఈ గుడ్డలు చుట్టిందెవడే? తలపాగా కట్టటం కూడా చేతకాదంటే ఈ ఎదవలకి?"

పిచ్చమ్మ అతని ఛాతీ మీద తల పెట్టి భోరున ఏడ్చింది. డాక్టరమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేనైతే తుడుచుకోను కూడా లేదు.

పరాంకుశం గారు వచ్చి కంటికి నాలుగు, చేతికి ఆరు, మాటకి మూడు వేశారు. పదమూడు.

కుట్లు విప్పారు, గాయం మానింది, యలమంద పూటకి రెండు క్యారేజీలు ఖాళీ చేస్తున్నాడు. ఇంటికి పంపొచ్చని డాక్టరమ్మ రాసింది. పంపడానికి లేదు. పదిహేను రావాలి. రోజూ పొద్దున్నే పరాంకుశం గారు పేరు అడుగుతారు, యలమంద ఆయన వంశాన్ని అడుగుతాడు, మూడు పడుతుంది. బయట వరండాలో కొత్త రోగులు చాపల మీద పడి ఉన్నారు. చివరికి ఒకరోజు ఆయన చేతులు జోడించారు.

"యలమంద గారూ, మంచం కావాలండీ. ఒక్కసారి, నామీద దయుంచి ఒకే ఒక్కసారి అండీ అనండి. పదిహేను వేసేస్తాను. ఈ పూటే ఇంటికి వెళ్ళిపోవచ్చు."

యలమందకి జాలి వేసిందో, యార్డులో సీజను గుర్తొచ్చిందో, గొంతు సవరించుకున్నాడు. "ఎంత పని... సర్లే, అట్టాగేనం..."

పిచ్చమ్మ క్యారేజీ వదిలేసి మంచం మీదికి దూకి, రెండు చేతులతో అతని నోరు మూసింది.

"అనమాక! నీకు దణ్ణం పెడతా, అనమాక!" అంది. తరవాత, చేతులు తియ్యకుండానే, పరాంకుశం గారి వైపు తిరిగింది. "మూడే ఏసుకో బాబూ. మేమిక్కడే ఉంటాం. ఆ మూడు చాలు నాకు."